ఓవెన్ సారె కోసమా, వంట కోసమా?

మా చెల్లెలి కూతురికి పెళ్లి కుదిరింది. ముహూర్తానికి ఇంకా మూడు నెలలుంది కానీ సారె సామాన్ల జాబితా అప్పుడే ఇంట్లో చేతులు మారుతోంది. మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. ఆ కింద వేరే చేతిరాతతో ‘ఓవెన్ – పెద్దది, కన్వెక్షన్ ఉన్నది’ అని ఒక లైను. ఇదెవరు రాశారని అడిగితే చెల్లి నసిగింది.

“వాళ్ళు అడగలేదప్పా. పెద్దకోడలు పుట్టింటివాళ్ళు పెట్టారట. మనం పెట్టకపోతే బాగోదు కదేటి?”

అడగలేదట, పెట్టకపోతే మాత్రం బాగోదట! ఈ రెండు మాటల మధ్యే ఆడపిల్ల తండ్రి అప్పు పుడుతుంది. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. మనం తెలివైనవాళ్ళం కదా, సారె అని పేరు మార్చుకున్నాం. చలిమిడి, పసుపుకుంకుమలతో మొదలైన సారె ఇప్పుడు కన్వెక్షన్ దాకా వచ్చింది.

సరే, చూద్దాం పదమని విజయనగరంలో ఒక షాపుకి వెళ్ళాం. చెల్లి, మరిది, నేను. కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు కానీ మాట్లాడినంతసేపూ మా మరిది వైపే చూశాడు. “సార్, ఇందులో మూడొందల ఆటోకుక్ మెనూలున్నాయి. ఉప్మా, ఇడ్లీ, పులిహోర కూడా!” మా మరిది తల ఊపాడు. ఆయన జన్మలో ఉప్మా కలిపిన మనిషి కాదు. నాకు ఒళ్ళు మండింది. ఉప్మాకి మెనూ ఏమిటండీ? రవ్వ వేగిన వాసన ముక్కుకి తెలియాలి కానీ!

“బాబూ, ఇందులో కింది కడ్డీ ఒక్కటే వెలిగేలా పెట్టుకోవచ్చా?” అని అడిగాను. కుర్రాడు తెల్లమొహం వేశాడు. పుస్తకం తీశాడు, ఇంకో కుర్రాణ్ణి పిలిచాడు. చివరికి ఇద్దరూ “అది ఎవరూ అడగరు మేడమ్” అన్నారు. నిజమే. ఓవెన్‌లో వండేవాళ్ళు అడిగే ప్రశ్న అది. కొనేవాళ్ళు అడగరు.

నేనేమీ తెలిసిపుట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట నేనూ ఇలాగే మోజుపడి కన్వెక్షన్ మైక్రోవేవ్ కొనిపించుకున్నాను. ఏడాదిలో దానితో చేసిందేమిటంటే పాలు వేడిచేయడం, రాత్రి చారు వేడిచేయడం, పిల్లల పుట్టినరోజులకి రెండు కేకులు. మిగతా మీటల జోలికే పోలేదు. తర్వాత ఆ మీటల పలకే పాడైంది. బాగుచేయించడానికి అడిగిన డబ్బు విని ఊరుకున్నాం. ఇప్పుడు దాని నెత్తిన వడియాల డబ్బా ఉంది. అది నేను కట్టిన ఫీజు అనుకోండి. ఆ ఫీజుతో నేర్చుకున్నది చెబుతున్నాను.

ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. మైక్రోవేవ్ వేరు, ఓటీజీ వేరు. మైక్రోవేవ్ తరంగాలు పదార్థంలోని తడిని పట్టుకుని వేడెక్కిస్తాయి. అన్నం, కూర వేడిచేసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ వట్టి మైక్రోవేవ్‌లో రొట్టెకి ఎర్రటి పెంకు కట్టదు. ఓటీజీలో పైనా కిందా కడ్డీలు కాగి, ఆ సెగకి పదార్థం కాలుతుంది. కేకు, బిస్కెట్లు, రొట్టె దాని పని. ఈ రెంటినీ ఒకే పెట్టెలో కలిపి, ఫ్యాను పెట్టి అమ్మేదే కన్వెక్షన్ మైక్రోవేవ్. మేం చూసిన షాపులో చిన్న ఓటీజీ అయిదు వేల లోపు, కన్వెక్షన్‌ది పదహారు వేలు. అసలు మీ ఇంట్లో కావలసిన పని వేడిచేయడమా, కాల్చడమా? ఇది తేలకుండా షాపు గుమ్మం ఎక్కకూడదు.

మా అత్తగారి ఓవెన్ ఎలా ఉండేదో చెబుతాను. దళసరి ఇనప మూకుడులో మినపరొట్టి పిండి పోసి, కింద సన్నటి సెగ పెట్టి, మూత మీద నిప్పులు పరిచేవారు. వాసన రాగానే పై నిప్పులు కొన్ని తీసేవారు. అడుగు మాడుతోందనిపిస్తే కింది కట్టె వెనక్కి లాగేవారు. పై సెగ వేరు, కింది సెగ వేరు, రెండూ ఆవిడ చేతిలోనే. ఓవెన్ అంటే అంతేనండీ. మిగతాదంతా దాని మీద కట్టిన తోరణాలు.

కాబట్టి కావలసినవి నాలుగే. పై కడ్డీ, కింది కడ్డీ విడివిడిగా వెలిగించుకునే వీలు. వేడిని పెట్టినచోట నిలిపే థర్మోస్టాట్ (కేకులూ బిస్కెట్లూ దాదాపుగా 160 నుంచి 180 డిగ్రీల మధ్యే అయిపోతాయి, అనుమానముంటే లోపల పెట్టుకునే చిన్న థర్మామీటరు వేరే దొరుకుతుంది). టైము అవగానే గంట కొట్టి తనంతట తానే ఆగిపోయే టైమరు, ఎందుకంటే సరిగ్గా కేకు పొంగే వేళకే మనకి మున్సిపాలిటీ కుళాయి వస్తుంది. లోపల ఒక దీపం, అస్తమానూ తలుపు తీసి వేడి పోగొట్టుకోకుండా. నలుగురున్న ఇంటికి ఇరవై లీటర్లు చాలు.

అక్కర్లేనివా? కోడిని నిలువునా గుచ్చి తిప్పే కడ్డీ. మన ఊళ్ళో కోడిని ముక్కలు కొట్టించి తెచ్చుకుంటామా, నిలువు కోడిని తెచ్చుకుంటామా? ఫ్యాను, రెండు ట్రేలు ఒకేసారి పెట్టేవాళ్ళకి పనికొస్తుంది, ఒక్క ట్రేకి అది లేకపోయినా జరుగుతుంది. ఫోనుతో నడిపే వైఫై అయితే మరీ విడ్డూరం. పిండి కలిపి లోపల పెట్టడానికి మనిషి వంటింట్లో ఉండాల్సిందేగా!

షాపులో ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. గోడకుండే ప్లగ్గు. 1500 వాట్ల ఓవెన్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మన ఇళ్ళలో మామూలు చిన్న ప్లగ్గు తట్టుకునేది ఆరు. పెద్ద ప్లగ్గు, అంటే పదహారు ఆంపియర్లది, ఎర్తింగ్‌తో ఉండాలి. అది లేదని మధ్యలో కన్వర్టర్ పిన్ను తగిలించి నడిపే ఇళ్ళు ఎన్ని చూశానో. ప్లాస్టిక్ కమిలిన వాసన వచ్చేదాకా ఎవరికీ పట్టదు. కరెంటు ఖర్చంటారా, ఆ ఓవెన్ నలభై నిమిషాలు ఆపకుండా కాగినా ఒక యూనిట్. భయపడాల్సింది బిల్లుకి కాదు, వైరింగుకి.

ఉద్యోగం నుంచి ఏడింటికి ఇల్లు చేరే ఆడపిల్లకి మైక్రోవేవ్ విలాసమని నేననను. కేకులు చేసి అమ్ముకునేవాళ్ళకి ఫ్యాను, పెద్ద ట్రేలు కావాలి, కొనుక్కోవాలి. వాళ్ళకి పనేమిటో తెలుసు, పనికి తగ్గ వస్తువు ఎంచుకుంటారు. నా గొడవ వాళ్ళతో కాదు. వండే మనిషిని అడక్కుండా, వండని మనుషులు, చూసేవాళ్ళ కోసం కొనడంతోనే నా గొడవ.

మా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారు. వీణకి ఏడు తీగలు, ఇరవై నాలుగు మెట్లు. నలభై ఎనిమిది మెట్లు పెట్టాం, రెట్టింపు సంగీతం పలుకుతుందని అక్కడెవరూ అమ్మరు. వాయించేవాళ్ళకి తెలుసు కనక. వంటింటి దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి తెలిసింది ఎవరికీ లెక్కలేదు. మనమూ నోరెత్తం.

ఇంటికొచ్చాక పిల్లనే కూర్చోబెట్టి అడిగాను. “అక్కడికెళ్ళి ఏం చేద్దామనుకుంటున్నావమ్మా దీంతో?”

అది కాసేపు ఆలోచించింది. “ఏమో పెద్దమ్మా. బిస్కెట్లు చేద్దామనుంది. కానీ ఆ వంటింట్లో పెద్ద ప్లగ్గుందో లేదో కూడా నాకు తెలీదు. గట్టు మీద చోటుందో లేదో! వెళ్ళి చూశాక కొనుక్కుంటే ఏం? ఆ డబ్బు నా పేరున వేసెయ్యండి.”

ముగ్గురు పెద్దవాళ్ళం షాపంతా తిరిగి ఆలోచించలేనిది ఇరవై మూడేళ్ళ పిల్ల ఒక్క నిమిషంలో తేల్చింది. మా చెల్లి మాత్రం ఇంకా “వాళ్ళేటనుకుంటారో అప్పా” అనే అంటోంది. జాబితాలో ఆ లైను ఇంకా కొట్టెయ్యలేదు. పెన్ను నా దగ్గరే ఉంది కానీ ఆ గీత గీయవలసింది నేను కాదు, పిల్ల తల్లి. రోజూ పొద్దున్న ఫోను చేసి అడుగుతున్నాను, గీశావా అని.

మీ ఇంట్లోనూ ఇలాంటి జాబితా తిరుగుతుంటే ముందు ఆ పిల్లని అడగండి. కోడలు వచ్చే ఇల్లయితే ఇంకా మంచిది. “అదేమీ వద్దు, వచ్చాక తనే కొనుక్కుంటుంది” అని ఒక్క ఫోను మీరే చేయండి. వియ్యపురాలి గుండె మీంచి పదహారు వేల బరువు దిగుతుంది.