ఇంటి సంగతులు: కాఫీ యంత్రం, మన బోరు నీళ్లు

అమెరికాలోను, గల్ఫ్ దేశాలలోను ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చే పెట్టెలలో ఈ మధ్య ఒక కొత్త వస్తువు కనిపిస్తున్నది. పైన కాఫీ గింజలు పోసి, వెనుక తొట్టిలో నీళ్లు నింపి మీట నొక్కితే, తానే గింజలు విసిరి, తానే నీళ్లు కాచి, కప్పులోకి కాఫీ దించే యంత్రం అది. హైదరాబాదులో కాపురమున్న పిల్లలైతే ఇక్కడే కొని పంపుతున్నారు. మంచి యంత్రం 40 వేల రూపాయలకు పైమాటే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘాలకు వెళ్లినప్పుడు ఇటువంటివి మేము నాలుగైదు ఇళ్లలో చూచాము. ఒక ఇంట్లో రోజూ వాడుతున్నారు. మిగిలిన చోట్ల అల్లిక గుడ్డ కప్పుకొని ఫ్రిజ్ మీద కూర్చున్నది.

మనది చాయ్ తాగే ప్రాంతం. కాఫీ అంటే చుట్టాలు వచ్చినప్పుడు పాలలో కలిపే ఇన్‌స్టంట్ పొడి అనే మనలో చాలామందికి తెలుసు. "ఇన్ని పైసలు పెట్టి తెచ్చినవు, ఇది చాయ్ పోయదా బిడ్డా?" అని ఒక తల్లి కొడుకును అడిగిందట. అడగవలసిన ప్రశ్నే. అయినా పిల్లలు ప్రేమతో తెచ్చిన వస్తువు ఇంట్లో ఉన్నప్పుడు, దాని సంగతి తెలిసి వాడుకోవడమో, తెలిసి మానుకోవడమో మంచిది. కొనబోయే వారికి కూడా ఇది పనికి వస్తుందని ఈ నెల దీనిని తీసుకున్నాము.

వీటిలో రెండు రకాలున్నవి. అమెరికాలో ఎక్కువగా కనిపించేది గింజలు పొడిచేసి, ఆ పొడి మీద వేడినీళ్లు చుక్కలుగా పోసి, కింద గాజు పాత్రలోకి ఒకేసారి పది కప్పుల వరకు దించేది. చుక్కలుగా దించే విద్యుత్ యంత్రం మొదట 1954లో జర్మనీలో వచ్చింది. రెండవది ఐరోపా రకం, ఎస్ప్రెస్సో యంత్రం. ఇది ఒక్కొక్క కప్పుకు అప్పటికప్పుడు గింజలు విసిరి, పొడిని అదిమి, ఎక్కువ ఒత్తిడితో నీటిని దానిలోగుండా తోస్తుంది. ఇంట్లో వాడుకునే ఇటువంటి పూర్తి ఆటోమేటిక్ యంత్రాన్ని ఇటలీలోని సెయికో కంపెనీ 1985లో తెచ్చింది. ఆదివారం ఆరాధన తరువాత పదిమంది ఇంటికి వచ్చే వారికి మొదటి రకం నయం. రెండవ రకం అయితే పదిమందికి పోసేలోపు నీళ్లు అయిపోయినవని ఒకసారి, పిప్పి పెట్టె నిండిందని ఒకసారి ఆగి దీపం వెలిగిస్తుంది. మొదట తాగినవారు అప్పటికి చెప్పులు వేసుకుంటూ ఉంటారు.

లోపల ఉన్న గ్రైండరు సంగతి మన తల్లులకు సులభంగా అర్థమవుతుంది. మిక్సీలో బ్లేడు గింజను ఎక్కడ తగిలితే అక్కడ నరుకుతుంది. కొంత పిండి అవుతుంది, కొంత రవ్వగా మిగులుతుంది. మంచి కాఫీ యంత్రంలో ఉండేది ఇసుర్రాయి లాంటిది. పళ్లున్న రెండు చక్రాలు, మధ్య సందు, ఆ సందును బట్టి పొడి. ఇసుర్రాయి కింద జొన్న పిండి ఒకే తీరుగా వచ్చినట్టు పొడి ఒకే తీరుగా వస్తుంది గనుక కాఫీ అంతా సమంగా దిగుతుంది. కొన్న డబ్బులో పెద్ద భాగం దీనికే పెట్టినట్టు లెక్క. సన్నం, దొడ్డు మార్చే మీటను చాలా యంత్రాలలో గ్రైండరు తిరుగుతున్నప్పుడే తిప్పాలి. ఆగి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే పళ్ల మధ్య ఇరుక్కున్న గింజ దానిని పాడుచేస్తుంది.

అప్పటికప్పుడు విసిరిన గింజ వాసనే వేరు. పొడి చేసిన కాఫీ గంటల్లోనే వాసన పోగొట్టుకుంటుంది, గింజ అయితే మూత బిగించిన డబ్బాలో కొన్ని వారాలు నిలుస్తుంది. అయితే మన ఎండలకు వారానికి సరిపడా మాత్రమే యంత్రంలో పోసి, మిగిలినది చల్లని చోట ఉంచాలి. బాగా నల్లగా వేగి నూనె పైకి తేలిన గింజలు, చక్కెర పూత పూసినవి వేయవద్దు. అవి పళ్లకు అంటుకుంటాయి. చికోరీ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. దక్షిణాదిలో ఫిల్టరు కాఫీ అని అమ్మే పొడిలో చాలావరకు చికోరీ వేరు పొడి కలిసి ఉంటుంది. చట్టం ప్రకారం ఆ కలగలుపులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. చికోరీ తడిస్తే జిగురుగా మారి యంత్రంలోని సన్నని జల్లెడను మూసివేస్తుంది. అందుచేత యంత్రానికి చికోరీ లేని గింజలే వాడాలి. చికోరీ లేని కాఫీ పలుచగా ఉందని మొదట అనిపిస్తుంది. అప్పుడు నీటి కొలత తగ్గించి, గాఢంగా దించుకొని, పొయ్యి మీద విడిగా మరిగించిన బర్రెపాలు కలుపుకుంటే మన నోటికి సరిపోతుంది. పాలు నురుగు చేసే గొట్టం ఉన్నా మేము దానిని అంతగా సిఫారసు చేయము. మే నెలలో ఒక్క పూట కడగకుండా వదిలితే ఆ గొట్టంలో పాలు విరిగి పులుస్తాయి.

గింజలు అరకు నుండి తెప్పించుకుంటే మరీ మంచిది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన కుటుంబాలు నీడ చెట్ల కింద, మిరియాల తీగల పక్కన పండించే ఆ అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిక్కమగళూరు గింజలు కూడా అంతే పేరున్నవి. మన తెలుగు కొండల పంట మన ఇంటికి రావడం మాకు ఇష్టం గనుక ముందు అరకు పేరు చెప్పాము.

ఇక అసలు సంగతి నీళ్లు. కప్పు కాఫీలో దాదాపు అంతా నీళ్లే. మరి మన నీళ్లు ఎటువంటివో మన పళ్లను, మన పెద్దల మోకాళ్లను చూస్తే తెలుస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎందరి నడుములను వంచిందో ఈ పత్రిక చదివే వారికి మేము చెప్పనవసరం లేదు. నాగపూరులోని నీరీ సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు దేశ దేశాల పుస్తకాలలోకి ఎక్కిన దారి అది. మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైన తరువాత కృష్ణా నీళ్లు మన ఊళ్లకు నల్లాలలో వచ్చినవి. అయినా నల్లా రాని రోజున బోరు వైపు చేయి పోవడం మానలేదు. "కాఫీకే కదా, మరుగుతుంది కదా" అని బోరు నీళ్లే తొట్టిలో పోస్తున్నారు.

మరిగిస్తే పురుగులు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరై పోయిన నీరు పోగా మిగిలిన దానిలో అది మరికాస్త చిక్కబడుతుంది. యంత్రం తొట్టిలో పెట్టే చిన్న ఫిల్టరు నీటిలోని సున్నాన్ని, క్లోరిన్ వాసనను తగ్గించడానికి చేసినది. దానిని ఫ్లోరైడ్ తీసే ఫిల్టరు అనుకొని ధైర్యపడవద్దు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు మంచిదని, వేరే గతి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. తాగడానికి పనికిరాని నీళ్లు కాఫీకి కూడా పనికిరావు. చాయ్‌కు అంతకంటే పనికిరావు, ఎందుకంటే తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను తీసుకొని ఆకులో దాచుకుంటుంది. కాఫీ గింజలో అది బహు కొద్ది. చాయ్ మానమని మేము చెప్పడం లేదు, బోరు నీళ్లతో కాచవద్దని చెబుతున్నాము.

ఇంట్లో ఆర్.ఓ. యంత్రం ఉన్నవారు ఒక్కటి గమనించాలని మనవి. చాలా ఆర్.ఓ. యంత్రాలలో టి.డి.ఎస్. కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది. నీళ్లు మరీ చప్పగా ఉన్నవని అంటే మెకానిక్ దానిని తిప్పి, పొరగుండా పోని నీళ్లను కొంచెం కలుపుతాడు. నల్లా నీళ్లయితే ఫరవాలేదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లయితే, తీసిన ఫ్లోరైడ్‌ను తిరిగి కప్పులో పోసినట్టే. ఆ మరను పూర్తిగా మూయించండి. కాఫీ రుచికి లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపున లవణాలు ఉండాలని కాఫీ నిపుణులు చెప్పుతారు. ఆ రుచి కోసం ఎముకలను పణంగా పెట్టనవసరం లేదు, కాఫీ కాస్త చప్పబడితే ఒక చెంచా పొడి ఎక్కువ పడుతుంది, అంతే.

యంత్రానికి కూడా బోరు నీళ్లు శత్రువే. ఫ్లోరైడ్ వలన కాదు, సున్నం వలన. స్నానాల గదిలో హీటరు కడ్డీకి తెల్లని పొర పట్టడం చూచి ఉంటారు. అదే పొర కాఫీ యంత్రంలోని వెంట్రుకలాంటి సన్నని దారులలో పడితే, మొదట కాఫీ వేడి తగ్గుతుంది, తరువాత ధార సన్నబడుతుంది, తరువాత యంత్రం గురగురలాడి ఊరుకుంటుంది. పొర తీసే దీపం వెలిగినప్పుడు వాయిదా వేయకుండా కంపెనీ ఇచ్చిన ద్రావకంతో కడగాలి. పుస్తకంలో ఒప్పుకుంటేనే నిమ్మ ఉప్పు వాడాలి. ఆర్.ఓ. లేని ఇంట్లో నల్లా నీళ్లను మరిగించి, చల్లార్చి, అడుగున తేరిన తెల్లని మడ్డిని వదిలి పైతేట పోస్తే సున్నం కొంత తగ్గుతుంది. ఇది యంత్రం ఆయుష్షు కోసం చెప్పినది. పైన చెప్పిన ఫ్లోరైడ్‌కు ఇది మందు కాదు.

కరెంటు గురించి రెండు మాటలు. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి యంత్రాన్ని మన గోడకు నేరుగా తగిలిస్తే ఒక్క క్షణంలో కాలిపోతుంది. వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యంత్రం 1,400 వాట్లయితే అది 2,000 వాట్లదైనా ఉండాలి. సెల్‌ఫోనుకు వాడే ప్లగ్గు మార్చే ముక్క వోల్టేజిని మార్చదు. పిల్లలు గల్ఫ్ నుండి తెచ్చేటప్పుడు 220-240 వోల్టులు అని కింద రాసి ఉన్నదో లేదో చదివించండి. యంత్రానికి ఎర్తింగు ఉన్న పెద్ద పవర్ ప్లగ్గు వాడాలి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పే చిన్న ఇన్వర్టరు దీనిని మోయలేదు.

ఇవన్నీ ఎవరు చేస్తారు? యంత్రం తెచ్చిన కొడుకు 3 వారాలలో విమానం ఎక్కుతాడు. పిప్పి పెట్టె రోజూ ఖాళీ చేయకపోతే ఆ వెచ్చదనానికి బూజు పడుతుంది, బొద్దింకలు చేరుతాయి. వారానికొకసారి లోపలి భాగం ఊడదీసి నీళ్లతో కడగాలి. దీపాల గుర్తులు తెలియాలి. తల్లికి సుఖమని తెచ్చిన వస్తువు తల్లికి ఇంకొక చాకిరీ కాకూడదు. మేము చూచిన వాటిలో రోజూ వాడుతున్న ఆ ఒక్క ఇంట్లో, నీళ్లు మార్చడం, పిప్పి తీయడం ఇంటి పెద్దాయన తన పనిగా పెట్టుకున్నాడు. ఆ పిప్పిని మల్లె చెట్టు మొదట్లో వేస్తున్నాడు. ఆమె కేవలం తాగుతుంది. మిగిలిన ఇళ్లలో అటువంటి ఏర్పాటు లేదు.

కేవలం కాఫీ మీది ఇష్టమే అయితే, కొన్ని వందల రూపాయల స్టీలు ఫిల్టరు, ఒక చేతి గ్రైండరు చాలు. కరెంటు అక్కరలేదు, లోపల మూసుకుపోయే దారులు లేవు, చికోరీ కలిపినా కలపకపోయినా దానికి ఒకటే. రాత్రి పొడివేసి వేడినీళ్లు పోసి పడుకుంటే తెల్లవారేసరికి డికాక్షన్ సిద్ధం. 40 వేల బడ్జెట్ ఉండి ఇంట్లో ఇంకా మంచి ఆర్.ఓ. లేకపోతే ముందు దానిని కొనమని పిల్లలకు చెప్పండి. దాని పొరలను సమయానికి మార్పించండి. ఆ తరువాత మిగిలిన డబ్బుతో ఫిల్టరు, గింజలు.

యంత్రమే కొనాలని నిశ్చయించుకున్న వారు సర్వీసు ఎక్కడ దొరుకుతుందో ముందుగా అడగాలి. చాలా కంపెనీలకు హైదరాబాదులోనే ఉన్నది. నల్లగొండ నుండైనా, మహబూబ్‌నగర్ నుండైనా సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో ఒడిలో పెట్టుకొని పోయే బరువు కాదు గనుక, వచ్చిన అట్టపెట్టెను, థర్మోకోల్ ముక్కలను పారవేయకుండా అటక మీద దాచండి. వడ్ల బస్తాల పక్కన మాత్రం పెట్టవద్దు, ఎలుకలు థర్మోకోల్‌ను వదలవు.