ఆ లావు పుస్తకాలు ఇక చదవను

నిన్న సాయంకాలం ఒక నిర్ణయానికి వచ్చాను. ఆలోచనల బరువుతో మూలిగే బృహత్ వైజ్ఞానిక నవలలను ఇక ముట్టను. "మాస్టారికి వయసు మీదపడింది, ఓపిక సన్నగిల్లింది" అని మీలో కొందరు అనబోతున్నారని తెలుసు. అది నిజం కాదు. నిరుడు వేసవిలో కళాపూర్ణోదయం ఎనిమిది ఆశ్వాసాలూ మరల చదివినవాణ్ణి.

మా అబ్బాయి అమెరికా నుండి వచ్చినప్పుడల్లా ఈ పుస్తకాలు తెచ్చి బంజారా హిల్స్‌లోని మా ఇంట్లో వదిలి వెళతాడు. అసిమోవ్ 'ఫౌండేషన్' (1951), హెర్బర్ట్ 'డ్యూన్' (1965) నిఘంటువు పక్కన పెట్టుకొని ఇష్టంగానే చదివాను. 'డ్యూన్' చివర గ్రంథకర్తే పదకోశం కూర్చడం చూసి నాలోని పండితుడు పొంగిపోయాడు కూడా. చిక్కంతా కిమ్ స్టాన్లీ రాబిన్‌సన్ అంగారక నవలాత్రయం (1992-96) దగ్గర వచ్చింది. ఆ గ్రహాన్ని మనుషులు బ్రతికేలా మార్చాలా, ఉన్నదున్నట్లు వదిలివేయాలా అని మొదటి సంపుటంలో శాక్స్, యాన్ వాదించుకుంటారు. ఆ వాదం బాగుంది. అక్కడ యాన్‌కు నిజంగానే కడుపు మండుతుంది. మూడవ సంపుటానికి వచ్చేసరికి రాజ్యాంగసభ, చర్చలు, మరల చర్చలు! ముప్పై ఏళ్ళు స్టాఫ్ మీటింగులలో కూర్చున్నాను. అంగారకుని మీద కూడా అదేనా?

"ఈ నవలల్లో ఆలోచనే నాయకుడు, పాత్రలు పలచబడటం దాని ధర్మం" అని సమర్థించేవారున్నారు. ఒప్పుకోను. వెల్స్ 'టైమ్ మెషీన్' (1895) ఒక పూటలో ముగిసే చిన్న పుస్తకం. వర్గభేదం, పరిణామం, సూర్యుడు ఆరిపోవడం అన్నీ అందులోనే ఇమిడాయి. ఆ బీజం నుండే సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' (1991) మొలిచింది. 2025లో అది మరల థియేటర్లకు వస్తే వెళ్ళి చూశాను. యంత్రం ఎలా పనిచేస్తుందని నా వరుసలో ఎవరూ అడగలేదు. రాయలవారి కొలువులో మనవాడి గతేమిటన్నదే అందరి ఆత్రుత.

ఫిల్మ్ నగర్‌లో కథలు రాసుకునే కుర్రవాడొకడు అచ్చతెనుగు మాటల కోసం నా వద్దకు వస్తుంటాడు. అతని కథలో భవిష్యన్నగరపు నీటి సరఫరాకు పదకొండు పుటలు. నాయికకు ఇంకా పేరు పెట్టలేదు!

ఆలోచనలంటే నాకు గిట్టదనుకోకండి. పదహారవ శతాబ్దపు మన సూరన కథలో, బ్రహ్మ సరస్వతికి ఇంకా జరగని కథ చెబుతాడు, అది జరిగి తీరుతుంది. ఇంతకన్న చిక్కుముడి ఏ వైజ్ఞానిక నవలలో ఉంది? ఒకసారి, పాఠ్యాంశం కాకపోయినా, ఆ కథను పదవ తరగతిలో చెప్పాను. ఎవరు మరుజన్మలో ఎవరయ్యారో బల్ల నిండా బాణాలు గీసి చూపాను. నా పాండిత్యానికి నేనే మురిసిపోతుండగా వెనుక వరుస పిల్ల లేచి, "కలభాషిణిని బలి ఇవ్వబోయినప్పుడు ఆమెకు భయం వేయలేదా మాస్టారూ?" అంది.

నా వద్ద జవాబు లేదు. బల్ల తుడిచి, ఆ ఘట్టం నుండి మరల మొదలుపెట్టాను. మరి ఆ లావు పుస్తకాలు రాసేవారిని ఆ ప్రశ్న అడిగే పిల్ల ఎవరూ లేరా?

మూడవ సంపుటంలో నా పాత బస్సు పాసు గుర్తుగా ఇంకా సగం దగ్గరే ఉంది. కావలసినవారు వచ్చి పెట్టెతో సహా తీసుకొనిపోవచ్చు. కాఫీ ఇస్తాను, వాదనకు మాత్రం రాకండి.