మత్తు డాక్టరు అడిగినప్పుడు



గత నెలలో మా కల్హేర్ సంఘపు సహోదరి ఒకామెకు కడుపు ఆపరేషన్ ఉండగా మేమును వెంట వెళ్ళాము. ఆటోలో అత్తగారు, "ఖాళీ కడుపుతోని కోడలు ఎట్ల తట్టుకుంటది" అని జొన్నరొట్టె, పాలు పెట్టినది. మేము చూచి ఊరకున్నాము. ఆసుపత్రిలో మత్తు డాక్టరు వచ్చి "ఏమైనా తిన్నావామ్మా?" అని అడిగితే, "లేదు సారూ" అన్నది. ఇంటివారందరు మా ముఖము చూచారు. కొంచెము తటపటాయించి చెప్పివేశాము. ఆపరేషన్ మరునాటికి వాయిదా పడినది. కూలి పోయె, ఆటో కిరాయి దండుగాయె అని ఆ కుటుంబము రెండు వారములు మాతో సరిగా మాట్లాడలేదు.

పూర్తి మత్తులో ఉన్నవారికి దగ్గు రాదు, మింగుట తెలియదు. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి దిగితే ప్రాణమునకే ముప్పు. అందుకే రొట్టె, అన్నము, పాలు కనీసము 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపుమందురు. నడుముకు సూది ఇచ్చినను ఇదే నియమము. మధ్యలో పూర్తి మత్తు అవసరము పడవచ్చును గదా.

మన ప్రాంతము నిజాము రాజ్యములో ఉన్న దినములలోనే, 1888లోను 1889లోను, హైదరాబాదులో క్లోరోఫామ్ మీద రెండు కమిషన్లు కూర్చున్నవి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ అనేక జంతువులపై పరీక్షించి, ముందు ఆగునది శ్వాసయే గాని గుండె కాదనెను. గుండె కూడ హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ అను ఇంగ్లండు వైద్యుడు చూపించెను. నేడు రెంటిని కనిపెట్టుటకు యంత్రములున్నవి. అయితే ఆ యంత్రములు పొద్దున తిన్న రొట్టెను చూపవు.

కల్లు, బీడీ అలవాటును కూడ దాచవద్దు. కల్లులో మత్తు బిళ్ళలు కలిపిన సంగతులు మన తెలంగాణలో ఎన్నిసార్లు బయటపడలేదు! బీపీ, షుగరు, ఆయాసపు మందులు, ఊగుచున్న పన్ను, రక్తసంబంధులలో ఎవరికైనను మత్తు పడకపోయిన సంగతి, అన్నియు చెప్పవలెను. సిగ్గు ఎందుకు?

మెలకువ వచ్చిన తరువాత వాంతి, వణకు, గొంతునొప్పి సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. నడుము సూది తరువాత కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గు తలనొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉన్నది. ఆ సూదితో జన్మంతా నడుమునొప్పి ఉండునను మాట మాత్రము నిజము కాదు.

మేము కూడ ప్రార్థన చేసి "ఏమీ కాదమ్మా" అని వచ్చేవారమే. ఇప్పుడు "ఏమి తిన్నావమ్మా" అని కూడ అడుగుచున్నాము.

మొన్న ఆదివారము ఆ అత్తగారే మమ్మును ఆపి, తన కంటి ఆపరేషన్ రోజు చాయ తాగవచ్చునా అని అడిగినది. అది డాక్టరునే అడుగుమన్నాము.