ఓఆర్ఎస్ పేరుతో పంచదార నీళ్ళు

2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఏ పానీయాల కంపెనీ అయినా తన సరుకు పేరులో ‘ఓఆర్ఎస్’ అన్న మాట వాడరాదన్నది దాని సారాంశం. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే గానీ ఇది రాలేదు. కంపెనీలు ఊరుకున్నాయా? ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. నెలాఖరుకు కోర్టు జోక్యానికి నిరాకరించింది.

ఇది పట్నం గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కూలి కుటుంబంలో బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పరుగెత్తేది షాపుకే. అక్కడ చేతికొచ్చింది ప్రాణం నిలిపే మందా, ఉత్త తీపినీళ్ళా అన్నది చావుబతుకుల ప్రశ్న.

పసిపిల్లల నీళ్ళ విరేచనాల్లో చాలావాటికి కారణం వైరస్‌లు. వాటిలో ముఖ్యమైనది రోటా వైరస్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం దీన్ని కనిపెట్టింది. నోరో వైరస్ అనే మరొకటి పిల్లల్నీ పెద్దల్నీ కూడా పడగొడుతుంది. మలం అంటిన చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, తిండి ద్వారా ఇవి పాకుతాయి. యాంటీబయాటిక్ సూదులకు ఏ వైరసూ లొంగదు. అయినా ఊళ్ళో సూది పొడవందే వైద్యం జరిగినట్టు కాదు, రోజు కూలి అందులో పోవలసిందే!

ఈ జబ్బులో బిడ్డ ప్రాణం పోయేది ఒంట్లో నీరూ ఉప్పూ కారిపోవడం వల్ల. వాటిని తిరిగి నింపాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కిక్కిరిసిన బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. అది కలరా, వైరస్ కాదు. కాని నీరు పోయిన ఒంటికి వైద్యం ఒక్కటే.

ఇందులో కిటుకు కొలతలో ఉంది. గ్లూకోజు, ఉప్పు తగుపాళ్ళలో ఉంటే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మరి రెండు లవణాలు. చక్కెర మితిమీరితే ఒంట్లో నీరే పేగులోకి వచ్చి విరేచనాలు ఇంకా ముదురుతాయి. ఆ అట్టపెట్టెల్లో అమ్మింది దీనికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న నీళ్ళు. ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరకవలసిన పొట్లం ఉంటే ఈ వ్యాపారం మన వాడల దాకా వచ్చేదా? పొట్లం అందకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి వేసి కలపాలి. తల్లిపాలు ఆపరాదు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, ఉచ్చ ఆగినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రోటా వైరస్‌కు టీకా కూడా ఉంది. ఢిల్లీలో ఒక పసికందులో దొరికిన వైరస్ నుంచి తయారై, హైదరాబాదులో ఉత్పత్తి అయింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో సర్కారు టీకాల్లో చేరింది. తరువాత దేశమంతా వచ్చింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు చుక్కలుగా నోట్లో వేస్తారు, పైసా ఖర్చు లేదు. ఇది తీవ్రమైన జబ్బును చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. నోరో వైరస్‌కు ఇంకా టీకా రాలేదు. కాబట్టి మంచినీళ్ళు, మరుగుదొడ్డి, సబ్బు అన్న పాత డిమాండ్లు పాతబడలేదు.

చుక్కలు ఉచితమే, కాని తల్లికి ఆ పూట కూలి పోతుంది. ఆ లెక్క ఏ అధికారి కాగితం మీదా మాకు కనబడలేదు. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల సంగతి మరీ అన్యాయం. మొదటి చుక్కలు సొంత ఊళ్ళో పడితే, రెండో విడత నాటికి ఆ బిడ్డ బట్టీ పక్కన గుడిసెలో ఉంటుంది. మొదటి విడతే తప్పిపోయినా ఏడాది లోపు మొదలుపెట్టవచ్చు. బట్టీలున్న మండలాల్లో సంఘాల వారు ముందుగా చేయవలసింది, ఏ గుడిసెలో ఏడాది లోపు బిడ్డ ఉందో పేర్లు రాసి ఏఎన్ఎం చేతికివ్వడం.