చెక్క చాలదా?

టేబుల్ టెన్నిస్ బ్యాటు మీద కూడా ఒక టపానా అని సాహిత్యాభిమానులైన మిత్రులు ముఖం చిట్లించవచ్చు. నాలుగు నెలలుగా కడుపులో దాచుకున్న కోపమిది. వెళ్ళగక్కక తప్పదు.

మా అక్క కొడుక్కి పదకొండేళ్ళు. ఆట మొదలుపెట్టి ఏడాది దాటింది. "కార్బన్ బ్యాటు లేనిదే పిల్లవాడు ముందుకు పోడమ్మా" అని శిక్షకుడు తీర్మానించాడు. ఆ బ్యాటు అమ్మేదీ ఆయనే అన్న సంగతి అక్కకు స్ఫురించలేదు. పదిహేను వేలు పోసింది. నెల తిరిగేసరికి మావాడు కొట్టడం మానేశాడు. తాకితే చాలు బంతి బల్ల దాటిపోతూంటే, బెదిరిపోయి, వచ్చిన ప్రతి బంతికీ బ్యాటు అడ్డుపెట్టి నెట్టడం అలవాటు చేసుకున్నాడు. "మామయ్యా, బంతి నా మాట వినడం లేదు" అన్నాడు నాతో.

ఎలా వింటుంది? రబ్బర్లు అతికించక ముందున్న కట్టె భాగాన్ని బ్లేడు అంటారు. పూర్తిగా చెక్కతో చేసిన పలుచని బ్లేడు, బంతి తగిలినప్పుడు రవంత వంగుతుంది. బంతి దాని మీద ఒక లిప్తకాలం ఎక్కువ నిలుస్తుంది. దెబ్బ నడిమధ్యన తగిలిందా, అంచున తగిలిందా అన్నది పిడిలోని అదురు చెప్పేస్తుంది. కార్బన్ పొర బ్లేడును బిగదీసి, ఆ అదురును అణచివేస్తుంది. అంచున తగిలిన బంతి కూడా వేగంగానే పోతుంది. ఆరితేరినవాడికి అది వరం. నేర్చుకునేవాడికి మాత్రం, తాను చేసిన తప్పు కబురు తనకే అందకుండా పోతుంది.

1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలలో జపాను ఆటగాడు హిరోజీ సాతో స్పాంజి బ్యాటుతో వచ్చి పురుషుల సింగిల్స్ గెలిచాడు. చప్పుడును బట్టి దెబ్బను అంచనా కట్టే ప్రత్యర్థులు ఆ నిశ్శబ్దానికి తికమకపడ్డారు. అప్పుడు చెవుడు ఎదుటివాడికి. ఇప్పుడు డబ్బిచ్చి మన పిల్లల చేతికే తెచ్చిపెడుతున్నాం.

ఇంతకూ ఈ కార్బన్ ఎంత ఉంటుందనుకున్నారు? అంతర్జాతీయ నిబంధన ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి. నార పదార్థంతో బలపరచిన పొర ఏదైనా 0.35 మిల్లీమీటర్లు మించరాదు. ఆ వెంట్రుకవాసి పొరల కోసమే ధర రెండింతలూ మూడింతలూ!

"ఛాంపియన్లంతా కార్బనే వాడుతున్నారుగా" అంటారు. నిజమే, ఇవాళ చాలామంది వాడుతున్నారు. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది, 2014లో ప్లాస్టిక్ బంతి వచ్చింది. తగ్గిన వేగాన్నీ తిప్పునూ వాళ్ళు మరోచోట వెతుక్కోవలసి వచ్చింది. రోజుకు ఆరేడు గంటలు సాధన చేసేవాళ్ళ అవసరం అది. వారానికి మూడు సాయంత్రాలు ఆడే పిల్లవాడికి దాన్ని అంటగట్టడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన వాల్డ్‌నర్ చేతిలో ఉన్నది చెక్కే కదా!

మరి ఏ చెక్క కొనాలి? నన్నడిగితే ఐదు పొరలది. పైన లింబా, లోపల అయూస్ అనే తేలిక కలప ఉన్నదైతే మరీ మంచిది. మందం ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు. ఏడు పొరలవి గట్టివి. బల్లకు దగ్గరగా నిలబడి బాదేవాళ్ళకు తరువాతెప్పుడైనా పనికొస్తాయి. బరువు దగ్గర మాత్రం మొహమాటపడకండి. చెక్క చెట్టు నుంచి వచ్చేది కనుక, ఒకే పేరున్న రెండు బ్లేడుల మధ్య ఐదారు గ్రాముల తేడా ఉంటుంది. త్రాసు అడిగి తూయించండి. పిల్లలకు 80 గ్రాములు, 85 లోపు చాలు. రెండు వైపులా రబ్బర్లు పడితే బరువు ఇంచుమించు రెట్టింపవుతుందని మరవకండి. తరువాత, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు, బంతిని బ్లేడు మీద ఎగరేసి చెవి ఒగ్గండి. కీచుమంటే బిరుసు, బొంగురుగా పలికితే మెత్తన. దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి. రబ్బరు కూడా మరీ మందంది వద్దు.

నా పాత ఐదు పొరల బ్లేడుకు కొత్త రబ్బర్లు వేయించి మావాడికిచ్చాను. మొదటి వారమంతా "ఇది నెమ్మది మామయ్యా" అని గొణిగాడు. మొన్న ఆదివారం వాడు చేయి పూర్తిగా విసిరి కొట్టిన బంతి, బల్ల అంచుకు జానెడు లోపల పడింది. వాడు నా వైపు చూడనైనా లేదు. తరువాతి బంతికి సిద్ధమవుతున్నాడు.

కార్బన్ బ్యాటు అలమరలో ఉంది. అమ్మిపెట్టమని అక్క పోరుతోంది. కొనేది మరో పదేళ్ళ పిల్లవాడికైతే అమ్మనని చెప్పాను. అప్పట్నుంచీ ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.