తెర మీది బొమ్మకు నకలు

చుక్కల ముగ్గును ఎట్లా ఎత్తుకుంటారో మీరు చూసే ఉంటారు. సంక్రాంతికి పొరుగింటివాళ్ళు మంచి ముగ్గు వేశారనుకోండి. అక్కయ్య కాగితమూ, పెన్సిలూ పట్టుకుపోయి ముందు చుక్కలు లెక్కపెడుతుంది. వరుసకు 15 చుక్కలు, 15 వరుసలు. తరవాత ఏ చుక్కకు ఏ చుక్క కలిసిందో చూసి గీసుకుంటుంది. లెక్క తప్పకపోతే ముగ్గు తప్పదు. అదే ఆ యింటి గోడ మీది నెమలిని చూసి వెయ్యమంటే మటుకు పదిమంది పది రకాల నెమళ్ళను వేస్తారు. వాటిలో ఒకటి రెండు కోళ్ళు కూడా కావచ్చు.

కంప్యూటరు తెర మీద కనిపించే బొమ్మ ముగ్గు జాతిది. మంచి భూతద్దంతో తెరను చూడండి. ఎంత నున్నగా కనిపించిన బొమ్మ అయినా సన్నని చుక్కలుగా విడిపోతుంది. ఈ చుక్కలను పిక్సెళ్ళంటారు. వరుసకు 1920 చుక్కలు, 1080 వరుసలు ఉన్న తెర ఈనాడు మామూలు. హెచ్చవేసి చూడండి: 20,73,600 చుక్కలు! ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు దీపాలున్నట్టు లెక్క. ఏ దీపం ఎంత వెలగాలో చెప్పటానికి 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఈ 62 లక్షల పైచిలుకు అంకెలూ కంప్యూటరు జ్ఞాపకంలో వరసగా ఉంటాయి. సాధారణంగా సెకండుకు 60 సార్లు యంత్రం వాటిని మొదటినుంచి చివరిదాకా చదివి తెరను వెలిగిస్తుంది.

ఇట్లా తెరనంతా చుక్కలవారీగా జ్ఞాపకం ఉంచుకుని, దాని మీద రంగుల బొమ్మలు వేసిన తొలి యంత్రాలలో ఒకటి అమెరికాలో, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో 1973 లో పనిచేసింది. రిచర్డ్ షూప్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. పేరు సూపర్ పెయింట్. అది 256 రంగులు చూపేది.

బొమ్మ అంటే అంకెలే గనక, బొమ్మకు నకలు తియ్యటమంటే అంకెలకు నకలు తియ్యటమే. ఫోనుతో తెరను ఫోటో తీస్తే ఏమవుతుందో చూడండి. బొమ్మ మీద వంకర టింకర చారలు పడతాయి. కెమేరాలో ఉన్న చుక్కల వరుసలు తెర మీది చుక్కల వరుసలతో సరిగా కలవకపోవటమే కారణం. అది నెమలి బొమ్మను చూసి వెయ్యటం లాంటిది. కీబోర్డు మీద "ప్రింట్ స్క్రీన్" అనే మీట నొక్కటం మటుకు చుక్కలు లెక్కపెట్టి ముగ్గు ఎత్తుకోవటం లాంటిది. అసలుకూ నకలుకూ ఒక్క చుక్క తేడా ఉండదు.

ఆ మీట పేరుకు అర్థం "తెరను అచ్చువెయ్యి" అని. 1981 లో ఐబీఎం కంపెనీ అమ్మిన కంప్యూటరులో అది నిజంగా ఆ పనే చేసేది. తెర మీది అక్షరాలు తిన్నగా అచ్చుయంత్రానికి పోయేవి. ఇప్పుడు విండోస్ కంప్యూటరులో ఆ మీట నొక్కితే పైకి ఏమీ జరగనట్టే ఉండవచ్చు. నకలు "క్లిప్ బోర్డు" అనే చోట దాగి ఉంటుంది. పెయింట్ లాంటి బొమ్మల ప్రోగ్రాం తెరిచి, కంట్రోల్ మీట పట్టుకుని "వీ" నొక్కితే అక్కడ ప్రత్యక్షమవుతుంది. తెరనంతా కాక ఒక ముక్కే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ మీటలు మూడూ కలిపి నొక్కి, మౌసుతో ఆ మేరకు గీసుకోవాలి.

ఈ నకళ్ళలో కొన్ని తమాషాలున్నాయి. మౌసు బాణాన్ని బొమ్మ మీద పెట్టి ప్రింట్ స్క్రీన్ నొక్కండి. నకలులో బాణం ఉండదు! బాణాన్ని సాధారణంగా యంత్రం విడిగా ఉంచుకుని, చివరి క్షణంలో బొమ్మ పైన చూపుతుంది. అది ముగ్గులో భాగం కాదు, ముగ్గు మీద పెట్టిన గొబ్బెమ్మ.

ఇరవై పాతికేళ్ళ కిందటి కంప్యూటర్లలో ఇంతకన్న పెద్ద వింత జరిగేది. సినిమా ఆడుతూండగా నకలు తీసి పెయింట్ లో అతికిస్తే, ఆ నకలులో కూడా సినిమా ఆడుతూనే ఉండేది! ఎందుకంటే సినిమా ఉండవలసిన చోట తెర జ్ఞాపకంలో ఏదో ఒకే రంగు పూసి ఉండేది. ఆ మేరలో ఆ రంగు కనిపించిన ప్రతి చుక్కలోనూ యంత్రం సినిమాను నింపేది. నకలులోకి వచ్చింది సినిమా కాదు, ఆ ఉత్త రంగు. దాన్ని సరిగ్గా అదే చోట పెడితే అందులోనూ సినిమా నింపేది. సినిమా ఆపేస్తే మిగిలేది రంగు పలకే! ఈ రోజుల్లో కొన్ని సినిమాలకూ, బాంకులవాళ్ళ ప్రోగ్రాములకూ నకలు తియ్యబోతే నల్లని పలక వస్తుంది. అది వింత కాదు, కావాలనే అట్లా ఏర్పాటు చేస్తారు.

నకలును దాచుకునేటప్పుడు ఏ రకంగా దాచాలని కంప్యూటరు అడుగుతుంది. అక్షరాలూ, గీతలూ ఉన్న బొమ్మ అయితే పీఎన్‌జీ అనండి. ఇది 1996 లో వచ్చింది. "తెల్లచుక్కలు 500" అని పొడిమాటలో రాసుకున్నట్టు బొమ్మను కుదిస్తుంది గాని, ఒక్క చుక్కనూ పోగొట్టదు. 1992 నాటి జేపెగ్ పద్ధతి ఫోటోలకు మంచిది. అది బొమ్మను 64 చుక్కల గళ్ళుగా విడగొట్టి, మన కన్ను పట్టుకోలేని వివరాలను వదిలేస్తుంది. అక్షరాల అంచుల్లో మటుకు కన్ను పట్టుకుంటుంది, అక్కడ మసి పూసినట్టుంటుంది.

ఇక అసలు సంగతి. నకలు మీరు చూపదలచిన దాన్నే కాక, తెర మీద ఉన్నదాన్నంతా ఎత్తుకుంటుంది. ఆటలో వచ్చిన మార్కులు స్నేహితులకు చూపుదామని నాన్నగారి ఫోనులో నకలు తీశారనుకోండి. సరిగ్గా అప్పుడే తెర పైన బాంకువారి రహస్య సంఖ్య వచ్చి ఉంటే అదీ నకలులో పడుతుంది. అందుకని చాలామంది ఆ ముక్కను కత్తిరించి పంపుతారు.

కత్తిరించినదల్లా పోయిందనుకోవటానికి కూడా వీల్లేదని 2023 లో తేలింది. సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే యిద్దరు ఈ లోపాన్ని బయటపెట్టారు. గూగుల్ వారి పిక్సెల్ ఫోనులో ఉన్న కత్తిరించే పరికరం, చిన్నదైన కొత్త బొమ్మను పాత బొమ్మ రాసి ఉన్న చోటనే రాసేది. ఇదెట్లా ఉంటుందంటే, నోటుపుస్తకంలో పది పంక్తుల కథ ఉన్నది. మీరు పై మూడు పంక్తులు చెరిపి కొత్త కథ రాసి, కింద "శుభం" అని పెట్టారు. చదివేవాడు శుభం చూసి ఆగిపోతాడు. కాని పాత కథ తాలూకు ఏడు పంక్తులూ దాని కిందనే ఉన్నాయి! అట్లా మిగిలిన అంకెలనుంచి కత్తిరించిన బొమ్మలో కింది భాగాన్ని చాలావరకు మళ్ళీ తెప్పించవచ్చునని వాళ్ళు చూపారు. విండోస్ 11 లోని కత్తిరించే పరికరంలోనూ ఇదే తప్పు కనబడింది. 2023 మార్చిలో రెండు కంపెనీలూ తప్పు దిద్దాయి. అప్పటికే పంపేసిన బొమ్మలను మటుకు దిద్దటానికి ఎవరి తరమూ కాదు.

కొందరు కత్తిరించకుండా నల్ల సిరా పూస్తారు. ఫోనులో ఉండే రంగుకలం చాలాసార్లు పలచని సిరాదే. రెండు మూడు పూతలు పూస్తే మన కంటికి నలుపే. కాని కింద ఉన్న అక్షరం అంకెల్లో 3, 4 గానూ, చుట్టూ ఉన్నది 9, 10 గానూ తేడా నిలిచే ఉంటుంది. బొమ్మ వెలుగు పెంచితే అక్షరం లేచి వస్తుంది. మసక చెయ్యటం కూడా నమ్మదగింది కాదు.

మరేం చెయ్యాలి? పెయింట్ లో ఆ చోటు మీద నిండునల్లని పెట్టె గియ్యండి, పలచని రంగు కాదు. పెట్టె కింద ఉన్న చుక్కలన్నీ 0, 0, 0 అయిపోతాయి. అప్పుడు ఆ తెరకే మరొకసారి నకలు తీసి, ఈ రెండో నకలును కొత్త పేరుతో దాచండి. అది తెర మీద కనిపించే చుక్కలనుంచి సరికొత్తగా పుట్టింది గనక దాని కింద పాత కథ ఏమీ ఉండదు. పంపేముందు వెలుగు బాగా పెంచి, పెద్దది చేసి, నాలుగు మూలలూ ఒకసారి చూసుకోండి.