పంట బీమా ఇంటి గోడను నిలబెట్టదు

2018 అక్టోబరు 11న తిత్లీ మన ఉద్దానం మీద పడింది. కూలిన కొబ్బరి, జీడి చెట్ల లెక్క రాయించుకోడానికి తిరిగాం. మరి ఇంటి సంగతో? పంట బీమా ఇంటికి పనికిరాదు. ప్రభుత్వ సాయంతో ఇల్లు మొత్తం లేవదు.

2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ‘భారత్ గృహ రక్ష’ పాలసీ దొరుకుతోంది. తుపాను, వరద, నీటి ముంపు అందులో ఉన్నాయి. స్థలం ధర కలపొద్దు, ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే రాయించండి. భావనపాడు లాంటి తీరంలో, పల్లంలో ఇల్లున్నవాళ్లు తీసుకోవాలనే నా మాట.

“ఏమీ జరక్కపోతే డబ్బు దండగే కదా” అంటారు. జరక్కపోతే అంతకంటే ఏం కావాలండీ? తుపాను కబురు వచ్చాక పరిగెత్తితే లాభం లేదు. ఇంటి ఫొటోలు తీసుంచుకోండి, ఇప్పుడే వెళ్లి అడగండి.